నలభై ఒకటో లెక్క

నిడదవోలు జంక్షన్ కాకపోయి ఉంటే మా సంఘం పుట్టేది కాదు. అటు భీమవరం నుంచి, ఇటు తుని, రాజమండ్రి నుంచి వచ్చే బళ్ళు అక్కడ కలుస్తాయి కాబట్టి, రెండు జిల్లాల డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్సు చెప్పే పదిమందిమి నెలకోసారి, రెండో శనివారం నాడు, అక్కడ దిగేవాళ్ళం. స్టేషనుకి దగ్గర్లో ఒక ట్యుటోరియల్ కాలేజీ వాళ్ళు మాకో గది ఇచ్చేవారు. సంఘం అంటున్నాను గానీ దానికి పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, రబ్బరు స్టాంపు కూడా లేదు. తొంభైల మొదట్లో మొదలై పదేళ్ళ పైచిలుకు నడిచింది. అది మంచి పనే చేసింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాతది విన్నాక చెబితే ఎవరూ నమ్మరు.

మొదలుపెట్టింది భీమవరంలో పనిచేసే ఒక పెద్దాయన. మా అందరికీ సీనియరు. పొలాలూ, చేపల చెరువులూ ఉన్న కుటుంబం. ఉద్యోగం చెయ్యకపోయినా గడిచిపోతుంది, అయినా ఆయనకి పాఠం అంటే ప్రాణం. మొదటి సమావేశానికి ఎవరో విద్యార్థి రాసిన జవాబు ఒకటి జిరాక్సు తీయించి తెచ్చి, తలో కాపీ చేతికిచ్చి, పదికి మార్కులు వెయ్యమన్నారు. పక్కవాళ్ళవి చూడకూడదు. వేశాక వరసగా పైకి చదివాం. ఒకరు తొమ్మిది, ఒకరు ఏడున్నర, ఇద్దరు ఐదు, మిగతావాళ్ళు ఆ మధ్యలో ఏదో ఒకటి, ఒకరు మూడు. ఆ మూడు వేసింది నేను.

"చూశారాండీ? ఈ కుర్రాడు పాసవడం, ఫెయిలవడం వాడి చేతుల్లో లేదు. వాడి పేపరున్న కట్ట ఎవరి బల్ల మీద పడిందో దాన్ని బట్టి ఉంది," అన్నారు పెద్దాయన.

అప్పటికి నేను పన్నెండేళ్ళుగా యూనివర్సిటీ పేపర్లు దిద్దుతున్నాను. ఈ చేత్తో ఎంతమందిని ఏం చేశానో అనుకుంటే తల కొట్టేసినట్టయింది. తిరుగు బండిలో కిటికీ పక్కన సీటు దొరికినా నిద్ర పట్టలేదు.

ఆ సిగ్గులోంచే మా పద్ధతి పుట్టింది. ఒక్కొక్కరం మా కాలేజీ పరీక్ష పేపర్లు మార్కులు వెయ్యకుండా పట్టుకొచ్చి, ఒకరివి ఒకరం దిద్దుకునేవాళ్ళం. తేడా వస్తే కూర్చుని తగువులాడుకునేవాళ్ళం. యూనివర్సిటీ వాళ్ళు తిప్పి తిప్పి ఇచ్చే లెక్కలన్నీ పాఠ్యపుస్తకంలోంచే వస్తాయి కాబట్టి, వాటిని ఎనభై దాకా పోగేసి, వరస నంబర్లిచ్చి, ప్రతి లెక్కకీ జవాబూ, ఏ మెట్టుకి ఎన్ని మార్కులో రాసి, స్టెన్సిల్ కోయించి, సైక్లోస్టైల్ చేయించాం. దాన్ని మేం 'కీ' అనేవాళ్ళం. ఐదు మార్కుల లెక్కకి ఫార్ములా రాస్తే ఒకటి, అంకెలు ఎక్కిస్తే ఒకటి, చేసినందుకు రెండు, యూనిట్లతో సహా జవాబు రాస్తే ఒకటి.

అందులో ఒక నియమం నాది. ప్రశ్నలో ఇచ్చిన అంకెని మార్చి రాసుకున్నవాడికి ఫార్ములా మార్కు ఒక్కటే, ఆ పైన ఇంకేమీ రాదు. తుని నుంచి వచ్చే మేడమ్ ఒకావిడ ఉండేవారు, మాలో వయసులో చిన్నావిడ. ఆవిడ ఒప్పుకోలేదు.

"పాపమండీ, కంగారులో అంకె తప్పుగా ఎక్కించుకుని ఉంటారు. లెక్క చెయ్యడం వచ్చు కదండీ, రెండో మూడో ఇద్దాం," అన్నారు.

"ప్రశ్న చదవడం రానివాడికి ఫిజిక్సు దేనికండీ?" అన్నాను నేను.

అందరూ నవ్వారు. నియమం ఖాయమైపోయింది. నేను అలా మాట విసిరి నలుగురినీ నవ్వించి పని జరుపుకోవడంలో దిట్టనని అప్పట్లో పేరు. ఆ పేరంటే నాకు మహా ఇష్టంగా ఉండేది కూడా.

రెండేళ్ళు తిరిగేసరికి మా పదిమందిలో ఎవరు దిద్దినా మార్కులు దాదాపు ఒకేలా వచ్చేవి. అర మార్కు తేడా వస్తే గొప్ప. వేసవిలో రాజమండ్రిలో స్పాట్ వాల్యుయేషన్ జరిగేటప్పుడు చీఫ్ ఎగ్జామినర్లు మా సైక్లోస్టైల్ కాగితాలు అడిగి తీసుకునేవారు. మిగతా సబ్జెక్టుల వాళ్ళు మా వంక కొంచెం కుళ్ళుగా చూసేవారు. ఆ గర్వం ఎలాంటిదో నాకు తెలుసు. మంచి చేస్తున్నామన్న గర్వం అది, అంచేత దాన్ని ఎవరూ తిట్టరు.

ఇక ఆ అమ్మాయి సంగతి.

మా కాలేజీ ఫిజిక్సు ల్యాబులో ఒక అటెండరు ఉండేవాడు. ఇరవై ఐదేళ్ళ సర్వీసు. కటకాలు తుడవడం, సోడియం దీపాలు వెలిగించడం, విరిగిన స్టాండ్లు అతికించడం, అన్నీ అతనే. ప్రాక్టికల్సులో పిల్లలు కొలవకుండానే రావాల్సిన విలువ రాసేస్తుంటే, "కనపడింది రాయండి బాబూ, రావాల్సింది కాదు," అని గొణిగేవాడు. మేం వినీ విననట్టు ఊరుకునేవాళ్ళం, రికార్డులు తొందరగా పూర్తవ్వాలి కదా. అతనికి పచ్చకామెర్లు వచ్చి ముదిరిపోయి, నెల్లాళ్ళలో పోయాడు. భార్య, ఒక కూతురు, స్కూల్లో చదివే కొడుకు. కూతురు మా దగ్గరే బీయస్సీ ఆఖరి ఏడాది చదువుతోంది.

కాలేజీ కరస్పాండెంటు గారు మంచి మనిషే. ల్యాబ్ అసిస్టెంటు పోస్టు ఒకటి ఖాళీగా ఉంటే, తండ్రి పోయిన పిల్ల కాబట్టి ఆ అమ్మాయికి ఇద్దామన్నారు. కానీ డిగ్రీ ఉండాలి. జూలై ఆఖరుకి పాసయినట్టు కాగితం తెచ్చి చూపిస్తే పోస్టు ఆమెది, లేకపోతే ఇంకొకరికి ఇవ్వక తప్పదు, గవర్నమెంటు ఖాళీల భర్తీ ఆపేస్తుందని అప్పటికే పుకార్లున్నాయి. ఈ సంగతి స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. నేనే ఆ అమ్మాయిని పిలిచి, "అమ్మా, ఈ ఒక్క పరీక్షతో మీ ఇల్లు నిలబడుతుంది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువు," అని చెప్పాను. "ఆయ్, అలాగేనండి," అంది. చదివింది కూడా. మార్చిలో రోజూ లైబ్రరీ మూసేదాకా కూర్చునేది.

మే నెలలో ఎప్పటిలాగే రాజమండ్రి వెళ్ళాం. రేకుల షెడ్డులో బల్లలు, నెత్తిన తిరిగీ తిరగని ఫ్యాను, బనీను తడిసి ఒంటికి అంటుకుపోయే ఉక్క. ఆ ఏడాది మా పెద్దాయనే చీఫ్. మొదటి రోజు ప్రశ్నపత్రం చేతిలోకి తీసుకుని, ఒక్కో లెక్కా పైపైన చూస్తూ మా కీ నంబర్లు చెప్పుకుంటూ పోయారు. రెండు కటకాలు కొంత ఎడంగా పెడితే, ఆ రెండూ కలిసి ఒకే కటకంలా పనిచేసే నాభ్యంతరం ఎంత అనే లెక్క వచ్చింది.

"ఇది మన నలభై ఒకటండీ. జవాబు పదిహేను," అన్నారు.

పదిహేను అని అందరం రాసుకున్నాం. కీ తీసి ముందు పెట్టుకున్నాం. ప్రశ్నపత్రం తలా ఒకటి ఇచ్చారు. నాది గాలికి ఎగిరిపోతుంటే దాని మీద టీ గ్లాసు పెట్టాను. వారం రోజులూ అది అలాగే ఉంది.

చాలామంది పదిహేనే రాశారు. మధ్యమధ్యలో ఎవరో ఒకరు కటకాల మధ్య దూరం పదికి బదులు ఇరవై అని ఎక్కించుకుని, జవాబు కూడా ఇరవై తెచ్చుకున్నారు. ఫార్ములాకి ఒకటి వేసి పేజీ తిప్పేశాను.

"ఇక్కడా ఒకడు ఇరవై తెచ్చాడండోయ్," అన్నారు ఎదురు బల్ల దగ్గర ఒకాయన.

"ఇంతమందికి ఒకే తప్పు ఎలా వస్తుందండీ? కాపీ కొట్టి ఉంటారు," అన్నాను నేను. మళ్ళీ అందరూ నవ్వారు.

తుని మేడమ్ నవ్వలేదు. "వేరే వేరే సెంటర్లవి కదండీ ఇవి," అని మాత్రం అన్నారు. ఇంతలో టీ వచ్చింది. ఆ మాట అక్కడితో పోయింది.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. ఆ అమ్మాయి అన్నీ పాసయింది, ఫిజిక్సు ఒక పేపరు తప్ప. ముప్ఫై ఐదు రావాల్సిన చోట ముప్ఫై రెండు. మార్కుల కాగితం పట్టుకుని ల్యాబు గుమ్మంలో నిలబడింది. నాకు జాలి కంటే ముందు కోపమొచ్చింది. అంత చెప్పాను కదా అని ఒళ్ళు మండింది. కూర్చోబెట్టి ఏ ప్రశ్న ఎలా రాసిందో అడిగాను. సిద్ధాంతం ప్రశ్నల్లో రెండు సగం సగం వదిలేసింది, అదీ ఆమె తప్పే. కటకాల లెక్క దగ్గరికొచ్చాం.

"ఎంత తెచ్చావు?"

"ఇరవై అండి."

"ఇరవై ఏంటమ్మా, పదిహేను కదా! మధ్య దూరం పది. నువ్వు ఎంత రాశావు?"

"పేపర్లో ఇరవై అని ఉందండి."

"కళ్ళు నెత్తికెక్కాయా? ముప్ఫైసార్లు చేయించాను నీ చేత ఆ లెక్క. చదువుకుని ఏం లాభం, చూసి రాసుకోవడం రాకపోతే?"

తల దించుకుంది. ప్రశ్నపత్రం నా బీరువాలోనే ఉంది, నాలుగడుగులు వేసి తీసి చూస్తే సరిపోయేది. తీయలేదు. ఆ లెక్క నాకు కంఠతా వచ్చు, చూడాల్సిన అవసరం ఏముంది?

ఆ అమ్మాయి ఎవరి చేతా చెప్పించుకోకుండానే రీవాల్యుయేషన్‌కి పెట్టుకుంది. నాకు కొంచెం ఆశ కలిగింది కూడా. జూలై మూడో వారంలో జవాబు వచ్చింది, మార్పు లేదని. తర్వాతి రెండో శనివారం నిడదవోలులో మా వాళ్ళలో ఒకాయన, రీవాల్యుయేషన్ కట్టలు తనకే వచ్చాయని చెప్పారు. "ఏం భయం లేదండీ, మన కీతోనే దిద్దాను. ఒక్కదాన్లోనూ తేడా రాలేదు," అన్నారు సంతోషంగా. నేను కూడా సంతోషించాను. మొదటిసారి దిద్దినవారూ, రెండోసారి దిద్దినవారూ ఒకే మాట మీద ఉన్నారంటే ఇంక తప్పు పిల్లదే కదా! ఆ ఏడాది యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు గారు, ఫిజిక్సు మార్కుల్లో తేడాలు ఇంత తక్కువగా ఉండటం ఎక్కడా చూడలేదని మమ్మల్ని మెచ్చుకున్నారు. మా పెద్దాయన కళ్ళు చెమర్చాయి.

అప్పటికే జూలై ముప్ఫై ఒకటి దాటిపోయింది. ల్యాబ్ అసిస్టెంటుగా ఏలూరు వైపు కుర్రాడెవరో చేరాడు. అక్టోబరు సప్లిమెంటరీలో ఆ అమ్మాయి యాభై పైచిలుకు మార్కులతో పాసయింది. అప్పటికి కొత్త పోస్టులు లేవు, వచ్చే సూచనలూ లేవు. వాళ్ళు కాలేజీ పక్కనున్న పోర్షను ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయారని విన్నాను.

మరుసటి ఫిబ్రవరిలో, కీని కొత్తగా రాయాలని సంఘంలో అనుకున్నాం. పాత ప్రశ్నపత్రాలన్నీ తీసి లెక్కలు సరిచూసే పని నాకు పడింది. ఒక మధ్యాహ్నం ల్యాబులో కూర్చుని ఒక్కోటీ తిరగేస్తున్నాను. కటకాల లెక్క దగ్గర కన్ను ఆగిపోయింది. 'వాటి మధ్య దూరం 20 సెం.మీ.' అని ఉంది. పక్కనే పుస్తకం తెరిచాను. అందులో పది. మళ్ళీ ప్రశ్నపత్రం చూశాను. ఇరవై. ఆ ఏడాది పేపరు ఇచ్చినాయన ఎవరో, పిల్లలు బట్టీ పడుతున్నారని తెలిసి, కావాలనే అంకె మార్చి ఉంటాడు. కటకాల నాభ్యంతరాలు పుస్తకంలోవే, ముప్ఫై, ఇరవై. కాగితం మీద చేసి చూశాను. ముప్ఫైని ఇరవైతో హెచ్చిస్తే ఆరువందలు. ముప్ఫై, ఇరవై కలిపి అందులోంచి మధ్య దూరం ఇరవై తీసేస్తే ముప్ఫై. ఆరువందల్ని ముప్ఫైతో భాగిస్తే ఇరవై.

ఐదుకి ఒకటి వేశాం. నాలుగు పోయాయి. ముప్ఫై రెండుకి నాలుగు కలిపితే ముప్ఫై ఆరు. పుస్తకంలోది బట్టీ పట్టి పది అని రాసినవాళ్ళకి మేం నిండా మార్కులు వేశాం. ప్రశ్న చదివి చేసినవాళ్ళకి నా నియమం ప్రకారం కోసేశాం. ప్రశ్న చదవనిది వాళ్ళు కాదు, మేం! పదిమంది లెక్చరర్లం, ఎమ్మెస్సీలు, ఒకరిద్దరు డాక్టరేట్లు, వారం రోజులపాటు ఎదురుగా కాగితం పెట్టుకుని ఒక్కరం చదవలేదు. ఆ అమ్మాయి పేపరు నా బల్ల మీదకి వచ్చిందో లేదో నాకు తెలియదు. ఎవరి బల్ల మీద పడినా ఒకటే అయ్యేలా కదా మేం కష్టపడి తయారుచేసుకున్నాం. పెద్దాయన తెచ్చిన ఆ మొదటి జిరాక్సు రోజులే నయం. ఆ రోజుల్లో అయితే పదిమందిలో ఒక్కడైనా పొరపాటున ఆమెకి మార్కులు వేసి ఉండేవాడు.

రెండో శనివారం నాడు ప్రశ్నపత్రం సంఘంలో బల్ల మీద పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి సంగతి కూడా చెప్పాను.

"యూనివర్సిటీకి రాద్దామండీ," అన్నారు తుని మేడమ్. "ఆ పేపర్లు ఇంకా ఉంటాయి. ఇరవై రాసిన వాళ్ళవన్నీ తీయించి చూడమందాం. మన తప్పని మనమే ఒప్పుకుందాం."

పెద్దాయన ముఖం పాలిపోయింది. మే నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు. చీఫ్‌గా సంతకం ఆయనది. యూనివర్సిటీ ఇచ్చిన పత్రం చూడకుండా సొంత కాగితం చూసి దిద్దించారంటే ఎంక్వయిరీ వేస్తారు, పెన్షను ఆగుతుంది. అది ఆయన అనలేదు. పక్కనున్నవాళ్ళు అన్నారు. సంఘం పరువు పోతుందన్నారు ఒకరు. ఫలితాలన్నీ తిరగదోడితే బట్టీ పట్టి పాసయినవాళ్ళు ఫెయిలవుతారు, వాళ్ళ గొడవ ఎవరు పడతారన్నారు ఇంకొకరు. మిగిలినవాళ్ళు నీళ్ళు నమిలారు. చివరికి అందరూ నా వంక చూశారు. తెచ్చింది నేను, నియమం నాది, అమ్మాయి మా కాలేజీ పిల్ల.

"ఇప్పుడు రాసినా పోస్టు తిరిగి రాదు కదండీ," అన్నాను.

నేను అన్న మాట అదే. పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చేతిని విడిపించుకోవాలనిపించింది, విడిపించుకోలేదు. తుని మేడమ్ సంచి తీసుకుని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "ప్రశ్న చదవడం రానివాడికి ఫిజిక్సు దేనికని అప్పుడెవరో అన్నారండి," అని వెళ్ళిపోయారు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. మేం కీలో నలభై ఒకటో లెక్క కింద, 'ప్రశ్నపత్రంలోని అంకెలు సరిచూసుకోవలెను' అని ఒక వాక్యం చేర్చి, కొత్తగా సైక్లోస్టైల్ చేయించాం. సంఘం ఇంకో నాలుగేళ్ళు నడిచింది.

ఆ అమ్మాయిని నేను వెతకలేదు. వెతికానని రాసుకోవచ్చు గానీ, వెతకలేదు. ఆరేడేళ్ళ తర్వాత తణుకులో ఒక పెళ్ళికి వెళ్ళి బస్టాండుకి నడుస్తుంటే, "మాస్టారండీ!" అని వినిపించింది. ఒక ఇంటి వరండాలో చాపల మీద పాతికమంది పిల్లలు, మధ్యలో ఆమె. ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ వాళ్ళకి చెబుతోందట, పొద్దునా సాయంత్రం డిగ్రీ పిల్లలకి ట్యూషన్లట. తల్లి పోయిందని, తమ్ముడు రొయ్యల చెరువు దగ్గర పనిచేస్తున్నాడని చెప్పింది. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. గ్లాసు చేతిలో ఉండగానే చెప్పేశాను. ప్రశ్నలో ఇరవయ్యే ఉందని, జవాబు నీదే రైటని, మేమే చదవలేదని, తెలిసి కూడా ఊరుకున్నామని.

"తెలుసండి," అంది.

"ఎప్పుడు?"

"మీరు కేకలేసిన రోజేనండి. ఇంటికెళ్ళి పేపరు చూసుకున్నాను. వెళ్ళి చెప్పవే అని మా అమ్మ పోరింది. మాస్టారంతటివారు అంత గట్టిగా చెప్పారంటే అచ్చు వేసినవాళ్ళదే తప్పయ్యుంటుంది, దిద్దేవాళ్ళు ఆ లెక్కన సర్దుకునే ఉంటారు, లేకపోతే రీవాల్యుయేషన్‌లో చూస్తారు, మనకేం తెలుసులే అనుకున్నానండి."

గ్లాసు కింద పెట్టేశాను. ఆమె నన్ను ఓదార్చాలనుకుందేమో, తొందర తొందరగా చెప్పింది.

"బాధపడకండి మాస్టారూ. నా దగ్గర చదివినవాళ్ళెవరూ ఆ లెక్కలో ఫెయిలవ్వలేదండి ఇప్పటిదాకా. ముందే చెప్పేస్తాను కదండీ, ప్రశ్నలో ఏ అంకె ఉన్నా చూడొద్దు, పుస్తకంలో ఉన్న పదే వేసుకోండి, పదిహేనే రాయండి అని."

వెటకారం కాదు. ముఖంలోకి చూశాను, ఎక్కడా వెటకారం లేదు. చాప మీద పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటున్నారు.